చుట్టాల్ని గుణించకూడదు

రాస్‌కార్న్ తీరంలో గుర్రప్పందేలు కట్టించుకునే బుకీని ఎవరైనా ధర అడిగితే చెప్పి తీరాలి. అడిగినవాడు తాగుబోతు కానివ్వండి, చర్చి ఫాదర్ కానివ్వండి, అడిగింది ఎంత పిచ్చి సంగతైనా కానివ్వండి, ‘ఒకటికి ఇంత’ అని చెప్పాల్సిందే. చెప్పనన్న బుకీ ఆ రోజుకి ధరల బోర్డు దించుకుని ఇంటికి పోవాలి. ఈ ఆచారం ఎవడు పెట్టాడో గానీ, వాడు కనబడితే నాలుగు దులిపేద్దును. ఆ రోజు నా కొంప ముంచబోయింది అదే.

నా పేరు నోరీన్ టార్పీ. గెలుపు గుంజకి దగ్గర్లో మా తాత బోర్డు పెట్టుకుని నిలబడ్డ చోటే మా నాన్న నిలబడ్డాడు, ఆయన పోయాక నేను నిలబడ్డాను. మావైపు పొలం గట్టు కోసం కొట్టుకోరు, ఈ చోట్ల కోసం కొట్టుకుంటారు. ఆడదానికి బుకీ చోటేమిటని మొదట్లో అందరూ మూతులు తిప్పారు. నా నోరు విన్నాక తిప్పడం మానేశారు.

మా పందేలు ఏడాదికి ఒక్కరోజు. సముద్రం వెనక్కి తగ్గి తడి ఇసుక బయటపడ్డాక గుర్రాలు పరిగెడతాయి. గెలుపు గుంజ దగ్గర బయల్దేరి, దూరాన నీళ్లలోకి చొచ్చుకుపోయిన అవతలి మలుపు చుట్టి వెనక్కి రావాలి. మలుపు పక్కనే ఒక నీటిపాయ ఉంది. ఆటులో పసిపిల్ల దాటగలదు. పోటు మొదలైందంటే మాత్రం ఎద్దునైనా లాక్కుపోతుంది. అందుకని నల్లబండ దగ్గర ఒక మనిషిని కూర్చోబెడతారు. నీళ్లు బండని తాకగానే వాడు గంట కొడతాడు. గంట కొట్టాక ఏ పందెమూ మొదలుపెట్టకూడదు. మొదలైన పందాన్ని మాత్రం ఎవరూ ఆపరు.

మా నాన్న నాకు రెండు లెక్కలు నేర్పాడు. మొదటిది, ధర వినగానే దానికి ఒకటి కలుపు, ఆ కలిపినదాంట్లో ఒక వంతు ఆ గుర్రం అవకాశం. ఒకటికి నాలుగంటే అయిదింట్లో ఒక వంతు. ఒకటికి తొమ్మిదంటే పదింట్లో ఒకటి. రెండోది, ఎవడైనా ఇది గెలిచి అదీ గెలవాలని కలిపి పందెం కాస్తే ఆ వంతుల్ని గుణించు. కానీ చుట్టాల్ని గుణించకు. అంటే ఒకటి జరిగితే రెండోది జరగడం తేలికయ్యే సంగతులు. ఒకే కడుపున పుట్టినవాళ్లని వేర్వేరు ఇళ్లవాళ్లలా లెక్కపెట్టావో, నిన్ను నిలువునా ముంచుతారు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. ఎందుకలా అని ఒకసారి అడిగితే చెంప పగలగొట్టాడు. నన్ను కొట్టడం అదొక్కసారే, అందుకే గుర్తు.

ఆ రోజు ఎండ విరగకాసింది. పందేలు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. మా అమ్మాయి ఈథ్నా ఆఖరి పందెంలో బూడిదరంగు ఆడగుర్రం ఎక్కబోతోంది. సొంత ఊళ్లో, సొంతవాళ్ల ముందు దానికదే మొదటిసారి. పొద్దున్నుంచీ దాని కాలు నేలమీద లేదు. నాకు మాత్రం లోపల భయమే. పైకి ఆ గుర్రానికి, అదే గెలుస్తుందన్నట్టు, తక్కువ ధర కట్టి, కూతుర్ని చూసి మురిసిపోతున్నానని అందరిచేతా తిట్లు తింటున్నాను.

“వదినా, నీ కూతురి మీద పందెం కాయడానికి నీ కూతురే రాదు ఈ ధరకి,” అన్నాడు మాటీ. మాటీ నా మరిది. టికెట్లు రాస్తాడు, లెక్క చూస్తాడు, మిగతా సమయమంతా వాగుతాడు.

“నువ్వు రాయవయ్యా ముందు. నీ చేతిరాత చూసి ఏ డాక్టరో అనుకుంటారు.”

అప్పుడొచ్చింది ఆవిడ. పెద్దావిడ, నల్ల కోటు, చేతిసంచి, తలకి కట్టిన రుమాలు. చర్చికి వెళ్లొచ్చినట్టు శుభ్రంగా ఉంది. మోకాళ్ల దాకా మాత్రం తడిసి ఉంది. నీళ్లేమో ఎక్కడో కనుచూపు చివర ఉన్నాయి, ఎలా తడిసిందో.

“ధర అడగొచ్చా అమ్మా?” అంది.

“అడగండి పెద్దమ్మా. ఇక్కడ మేం చేసే ఒకే ఒక పుణ్యకార్యం అదే.”

“మూడు సంగతులు. మూడూ జరగాలి.” ఒక్కొక్క మాటా జాగ్రత్తగా ఏరుకుని పెట్టింది. “ఆఖరి పందెం వేళకి పొగమంచు దిగాలి. ఒక గుర్రం రౌతు లేకుండా ఉత్త జీనుతో రావాలి. ఆ రౌతుని సముద్రం ఉంచేసుకోవాలి.”

మాటీ పెన్సిల్ ఆగిపోయింది. కూతుర్ని గుర్రమెక్కిస్తున్న రోజు వినాల్సిన మాటేనా అది? కానీ ఆవిడ ముఖంలో ఎగతాళి లేదు, పంతం లేదు. డాక్టరు ముందు కూర్చున్న మనిషి ముఖం అది. పైగా ఆ దిక్కుమాలిన ఆచారం ఒకటుంది కదా. చుట్టూ బుకీలు నా చోటు మీద కన్నేసి కూర్చున్నారు. చెప్పనంటే చాలు, బోర్డు దింపించేస్తారు.

సరే, నవ్వులాటగా తీసేద్దామనుకున్నాను. ఆకాశం చూశాను. “మంచు ఒకటికి నాలుగు. ఉత్త గుర్రం ఒకటికి తొమ్మిది. మూడోది... నా ఎరుకలో ఎప్పుడూ జరగలేదు. అయినా ఉదారంగా ధర చెప్పే బుకీ పుట్టలేదు. ఒకటికి పంతొమ్మిది. మాటీ, కలుపు.”

“అయిదింట్లో ఒకటి, పదింట్లో ఒకటి, ఇరవయ్యింట్లో ఒకటి,” మాటీ గొణిగాడు. “అయిదు పదులు యాభై. యాభై ఇరవైలు వెయ్యి. వెయ్యింట్లో ఒక్క వంతు వదినా. అంటే ఒకటికి తొమ్మిదివందల తొంభై తొమ్మిది.”

“ఆ ఒక్కటీ నేను కలుపుతాలే. ఒకటికి వెయ్యి.” నవ్వుతూ బోర్డు అడుగున సుద్దముక్కతో రాసేశాను. వెయ్యి అన్న అంకె చూస్తే నాకే ప్రాణం కుదుటపడింది. అంత పెద్ద అంకె పక్కన భయం చిన్నదైపోతుంది కదా.

ఆవిడ ఆ అంకెని చాలాసేపు చూసింది. “మీ నాన్న కూడా వెయ్యే అన్నాడు,” అంది. “అయితే భయం లేదన్నమాట.”

సంచిలోంచి ఒక నాణెం తీసి నా అరచేతిలో పెట్టింది. కోడీ పిల్లలూ బొమ్మ ఉన్న పాత పెన్నీ. అవి చెల్లడం మానేసి ఎన్నో ఏళ్లయింది. వద్దని చెప్పబోయి తలెత్తేసరికి మాటీ ఇచ్చిన టికెట్ తీసుకుని వెళ్లిపోతోంది. ఆవిడ వెళ్లినవైపు ఎండిన ఇసుక మీద అడుగులు పడ్డాయి. ఒక్కొక్క అడుగులోనూ నీళ్లు ఊరుతున్నాయి.

“చూశావా?” అన్నాను.

“చూళ్లేదు,” అన్నాడు మాటీ, చూసే అన్నాడు. సిలువ గుర్తు వేసుకున్నాడు.

పక్క చోటు కోర్నీ బాబాయ్‌ది. మా నాన్న ఈడువాడు, చెవుడు, ఎవరితోనూ పని లేనట్టు కూర్చుంటాడు. నా చేతిలో పెన్నీ చూసి లేచి వచ్చాడు. దాన్ని ముట్టుకోలేదు.

“ఎవరిచ్చారే అమ్మాయీ ఇది?”

చెప్పాను. మూడు సంగతులూ చెప్పాను. ఆయన నా బోర్డు అడుగున రాసింది చదివి, నా స్టూలు లాక్కుని దానిమీద కూలబడ్డాడు.

“హొనోరా,” అన్నాడు. “తీరం చివర తెల్ల ఇల్లుండేది చూడూ, పడిపోయింది, ఆ ఇంటావిడ. కొడుకు టీగ్ మంచి రౌతు. ఆఖరి పందెం ముందు మీ నాన్న దగ్గరకొచ్చి ఇదే ధర అడిగింది. ఇవే మూడు. ఆవిడకి పందేలు తెలియవు, భయపడి అడిగింది. లెక్క తెలిసినవాళ్లు కదా, కొడుకుని పంపొచ్చో లేదో చెబుతారని అడిగింది. మీ నాన్న గుణించి వెయ్యి అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఊరికే ధర అడిగి పోతే మర్యాద కాదని ఒక పెన్నీ ఇచ్చి, అయితే భయం లేదన్నమాట అని వెళ్లి కొడుకుని గుర్రమెక్కించింది.”

మిగతాది నేను అడక్కుండానే చెప్పాడు.

“మంచు దిగింది. గుర్రం ఒక్కటే వచ్చింది. పిల్లాడు దొరకలేదు. మీ నాన్న ఏం చేస్తాడు? పందెం పందెమే కదా. వెయ్యి పెన్నీలు సంచిలో పోసుకుని, శవం లేని ఇంటికి వెళ్లి, ఆవిడ ఒళ్లో పెట్టొచ్చాడు. బుకీ అన్నవాడు కట్టాలి కదే. ఆ తర్వాతి చలికాలం ఆవిడా పోయింది. పెట్టె మోసినవాళ్లలో నేనొకణ్ణి.”

“మరైతే ఇందాక వచ్చిందెవరు?” అన్నాడు మాటీ.

కోర్నీ బాబాయ్‌కి వినబడలేదో, వినబడనట్టు కూర్చున్నాడో.

నేను బోర్డు చూశాను. చెంప మీద నాన్న కొట్టిన దెబ్బ అప్పుడే కొట్టినట్టు చురుక్కుమంది. చుట్టాల్ని గుణించకు. గుర్రాల విషయంలో నిద్రలో లేపి అడిగినా ఆ తప్పు చెయ్యను. ఒకే గుర్రం మొదటి పందెమూ రెండో పందెమూ గెలవాలని ఎవడైనా అడిగితే వాణ్ణి చూసి నవ్వుతాను. ఇవి గుర్రాలు కావు కదా అని వేళ్ల మీద గుణించేశాను. మంచు, గుర్రం, సముద్రం. ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలే. మంచు దిగితే అవతలి మలుపు దగ్గర గుంజలు కనబడవు, గుర్రాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, అప్పుడు ఉత్త గుర్రం రావడం పదింట్లో ఒకటా? సగానికి సగం. పోటు తిరిగే వేళకి, ఆ పాయ పక్కన, మంచులో పడినవాణ్ణి ఎవడు వెతికి పట్టుకుంటాడు? అదీ సగానికి సగం.

“మాటీ, సముద్రం వైపు చూడు.”

చూశాడు. నీళ్ల చివర ఒక తెల్లని గీత. పొద్దున్న లేదు అది. ఎండ అలాగే ఉంది, గాలి మాత్రం పడిపోయింది. సముద్రపు పక్షుల గోల ఎప్పుడాగిపోయిందో నేను గమనించనేలేదు.

“రావచ్చు, రాకపోవచ్చు,” అన్నాడు.

“అంటే సగం. సగంలో సగంలో సగం ఎంతరా?”

“ఎనిమిదింట్లో ఒకటి.” పెన్సిల్ పక్కన పెట్టేశాడు. “ఒకటికి ఏడు.”

ఇప్పుడే అయిపోయిన పందెం గెలిచిన గుర్రం ధర ఒకటికి ఏడు. దానికి డబ్బు తీసుకోవడానికి జనం ఇంకా మా ముందు వరసలో నిలబడి ఉన్నారు. ఒకటికి ఏడు ధర ఉన్న గుర్రాలు మధ్యాహ్నమంతా గెలుస్తూనే ఉంటాయి. నేను ఏటా చూసేదే.

డబ్బు పెట్టె మాటీ మొహాన పడేసి పరిగెత్తాను. నా వయసులో, నా ఒంట్లో అది పరుగంటే నవ్వుతారు. అయినా పరుగే. ఈథ్నా గుర్రం పక్కన నిలబడి చేతి తొడుగులు వేసుకుంటోంది.

“దిగు,” అన్నాను.

“ఇంకా ఎక్కలేదుగా అమ్మా.”

“ఎక్కకు. ఈ పందెం వద్దు.”

“ఎందుకు?” నవ్వుతూనే అడిగింది.

ఏం చెప్పను? చచ్చిపోయినావిడ వచ్చి పెన్నీ ఇచ్చిందని చెప్పనా? “మంచు వస్తోంది,” అన్నాను.

అది ఆకాశం చూసింది, నన్ను చూసింది. నవ్వు పోయింది. “నీకు నామీద నమ్మకం లేదు. అంతేగా? ఊరందరికీ గుర్రాల ధరలు కడతావు, సొంత కూతురికి మాత్రం ధర కట్టలేవు.”

“నువ్వు ఎక్కితే ఇక నా మొహం చూడకు. నా మీద ఒట్టే.”

చుట్టూ జనం వింటున్నారు. అది చుట్టూ చూసింది. కొరడా తీసి నా కాళ్ల దగ్గర పారేసి, గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఏడుస్తోందని వీపు చూస్తేనే తెలిసింది. తిరిగి పిలవాలనిపించింది. పిలవలేదు. తిట్టుకుంటే తిట్టుకోనీ, ఒడ్డున ఉండి తిట్టుకుంటోంది కదా. గుండెల మీంచి బండ దింపినట్టయింది, అబద్ధమెందుకు.

గుర్రం యజమాని నన్ను నానా మాటలూ అన్నాడు. అననీ అని నా చోటుకి తిరిగొచ్చాను. స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను.

“ఇదిగో తల్లీ, వేడిగా తాగు. డబ్బులొద్దు.”

కళ్లు తెరిచాను. బ్రైడీ. టీ, ఉడకబెట్టిన నత్తలు అమ్ముతుంది తీరంలో. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు, మాలకీ. నోరెత్తని మనిషి ఆ రోజు మొహమంతా వెలిగిపోతూ నా చేతిలో కప్పు పెట్టింది.

“నీ మేలు మర్చిపోను నోరీన్. మీ అమ్మాయి మానేసిందటగా, ఆ బూడిదరంగు గుర్రం మా మాలకీకి ఇచ్చారు. ఎన్నాళ్ల నుంచో చూస్తున్నాడు వాడు, ఒక్క అవకాశం ఇస్తారేమోనని. దేవతలా ఆదుకున్నావమ్మా.”

టీ నా చేతిలో ఉంది. తాగలేదు. నా కళ్లు బోర్డు మీద పడ్డాయి.

గుర్రం ఒకటి పందెం నుంచి తప్పుకుంటే బుకీ ఏం చేస్తాడో తెలుసా? మిగతావాటి ధరలు తగ్గిస్తాడు. తప్పుకున్న గుర్రం వంతు గాల్లో కలిసిపోదు. మిగిలినవాటికి పంచాలి. ఎంతమందిని తీసెయ్యి, పందెమంటూ నడిస్తే ఎవడో ఒకడు గెలుస్తాడు, వంతులన్నీ కలిపితే నిండు ఒకటి అవ్వాల్సిందే. హొనోరా నా కూతురి పేరు చెప్పలేదు. ఒక గుర్రం అంది. ఆ రౌతు అంది. నా కూతురి వంతు తీసి నేను బ్రైడీ కొడుకు చేతిలో పెట్టొచ్చాను. దానికి ఆవిడ నాకు ఉచితంగా టీ ఇచ్చింది.

“వాడికి ఈత వచ్చా?” అన్నాను.

“ఈతేమిటే, గుర్రమెక్కడానికి?” బ్రైడీ నవ్వింది. “భయమేం లేదుగా?”

ఆ మాట హొనోరా గొంతులో వినబడింది నాకు. ఒకటికి వెయ్యి అనొచ్చు. మా నాన్న అన్నట్టే. అనలేకపోయాను.

కప్పు కింద పెట్టి మా బోర్డు పక్కన పాతిన పెద్ద గొడుగు పీకాను. ఎరుపూ పసుపూ చారలది, వానొస్తే నలుగురు పట్టేంత. దాన్ని తెరిచి భుజాన వేసుకుని నడుచుకుంటూ పోయి, బారులు తీరిన గుర్రాల ముందు నిలబడ్డాను. గుర్రాలు బెదిరి వెనక్కి తిరిగాయి. పందెం మొదలుపెట్టడానికి జెండా పట్టుకున్నవాడు నోరు వెళ్లబెట్టాడు.

“మిసెస్ టార్పీ, పక్కకి జరగండి.”

“జరగను. మంచొస్తోంది.”

అందరూ సముద్రం వైపు చూశారు. తెల్లగీత అలాగే ఉంది, కాస్త లావుగా. నెత్తిన ఎండ పేలుతోంది. జనం నవ్వడం మొదలుపెట్టారు. ఎవడో, “కూతురు ఎక్కకపోతే ఎవరూ ఎక్కకూడదటరోయ్,” అన్నాడు. నవ్వు పోయి తిట్లొచ్చాయి. ఆ తిట్టు నిజమైతే ఎంత బాగుండేది. రేసు పెద్దలిద్దరు వచ్చి చెరో చెయ్యి పట్టుకున్నారు. నేను ఇసుకలో చతికిలబడ్డాను. జెండావాడు ఎక్కిన ఎత్తుబల్ల కాలు రెండు చేతులా వాటేసుకున్నాను. లాగితే బల్లా వాడూ కలిసి పడాల్సిందే.

“ఇలాగే ఉంటే మీ చోటు పోతుంది,” అన్నాడు వాళ్లలో పెద్దాయన, మెల్లగా. మంచివాడే పాపం. “మీ తాతగారి చోటు. ఇక ఈ తీరంలో మీరు బోర్డు పెట్టలేరు. తెలుసా?”

తెలుసు. తెలిసే పట్టుకున్నాను. ఏడుపు మాత్రం ఆగలేదు.

మాటీ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నన్ను లేవదీయడానికొచ్చాడనుకున్నాను. “వదినా, నీకు మతి పోయింది,” అన్నాడు. అని నా పక్కనే కూర్చుని బల్ల రెండో కాలు పట్టుకున్నాడు.

జనంలో ఈథ్నా కనబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “అమ్మా, లే. పరువు తీయకు,” అంది. నేను తల వంచుకున్నాను. బూడిదరంగు గుర్రం మీద మాలకీ ఎక్కడ చూడాలో తెలియక గుర్రం చెవులు చూస్తున్నాడు. ఆ గొడుగు కింద ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. ఒకడు తడి ఇసుక ముద్ద విసిరాడు, అది గొడుగుకి తగిలి జారింది. అప్పుడు మోగింది నల్లబండ దగ్గర గంట.

పందెం రద్దు. రాస్‌కార్న్‌లో ఆఖరి పందెం రద్దవడం ఎవరూ ఎరగరు. జనం నన్ను తినేసేలా చూశారు. పెద్దాయన వెళ్లి మా బోర్డు దించేశాడు. చోటు పోయింది.

జనం సామాన్లు సర్దుకుంటుండగానే మంచొచ్చింది. దిగడం కాదు, నేల వెంబడి పాకుతూ వచ్చింది. ముందు అవతలి మలుపు పోయింది. తర్వాత నల్లబండ. తర్వాత మన చెయ్యి మనకి కనబడకుండా పోయింది. తల్లులు పిల్లల పేర్లు పిలుచుకోవడం, గుర్రాలు బుసలు కొట్టడం తప్ప చప్పుడు లేదు. నేను చేతులు చాచి తడుముకుంటూ ఈథ్నా మోచెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.

అప్పుడు గిట్టల చప్పుడు వినబడింది.

దూరంగా, మలుపు వైపు నుంచి. ఒకటే గుర్రం. తీరిగ్గా వస్తోంది. పెద్దాయన రౌతుల పేర్లు పిలిచాడు. ఏడుగురూ పలికారు. మాలకీ నా వెనకాలే పలికాడు. ఏడు గుర్రాల కళ్లేలూ ఎవరో ఒకరి చేతుల్లోనే ఉన్నాయి. చప్పుడు మాత్రం దగ్గరవుతూనే ఉంది. మంచు కాస్త విచ్చుకుని, అందులోంచి ఒక గోధుమరంగు గుర్రం బయటకొచ్చింది. ఒళ్లంతా నీళ్లు కారుతోంది. దాని జీను మా నాన్న కాలంలో వేసే రకం. జీను మీద ఎవరూ లేరు. అది గెలుపు గుంజ దాటి, ఆగి, తల వేలాడేసి నిలబడింది. కోర్నీ బాబాయ్ టోపీ తీశాడు.

దాని వెనకాలే హొనోరా నడిచొచ్చింది. నా ముందు ఆగి టికెట్ చాచింది. అది తడిసి పీలికలై ఉంది. మంచొచ్చింది, ఉత్త గుర్రమొచ్చింది. మూడోది అడగడానికొచ్చిందా? ఈథ్నాని నా వెనక్కి లాక్కున్నాను.

“పందెం నడవలేదమ్మా,” అన్నాను. “రద్దయింది.”

“రద్దా?”

“రద్దే. రద్దయితే వేసిన డబ్బు వేసినట్టు తిరిగివ్వాలి.” జేబులోంచి పెన్నీ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆ చెయ్యి చలికాలం పంపు నీళ్లంత చల్లగా ఉంది.

పెన్నీని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “మీ నాన్న కట్టాడు,” అంది. “వెయ్యీ లెక్కపెట్టి కట్టాడు. పాపం, ఒక్కటీ తగ్గించలేదు.”

“తెలుసమ్మా.”

“నాకీ ఒక్కటే కావాలని ఆయనకి చెప్పలేకపోయాను.” గుప్పిట మూసుకుంది. “భయం వేస్తోందని కొడుకుతో చెప్పినా బాగుండేది. నవ్వుతాడని ధర అడిగాను.”

గుర్రం కళ్లెం పట్టుకుంది. ఇద్దరూ సముద్రం వైపు నడిచి మంచులోకి పోయారు. గిట్టల చప్పుడు ఇసుక మీంచి నీళ్లలోకి దిగడం తెలిసింది. కాసేపటికి అదీ లేదు.

మంచు తొలిగాక చూస్తే అవతలి మలుపు నీళ్ల కింద ఉంది. ఎవరూ నాకు మెచ్చుకోలు చెప్పలేదు. నడవని పందెంలో ఏం జరిగేదో ఎవడు తేల్చగలడు? బ్రైడీ మాత్రం చల్లారిన టీ పారబోసి వేడిది పోసిచ్చింది. డబ్బు తీసుకోమంటే ఈసారీ తీసుకోలేదు. గుర్రాన్ని చూసినవాళ్లు చూశామనరు. మాటీని అడగండి, చూళ్లేదనే చెబుతాడు.

నాకిప్పుడు చోటు లేదు. ఏటా వెళ్లి బ్రైడీ పక్కన నత్తలు అమ్మే బల్ల దగ్గర కూర్చుంటాను. ఎవరైనా అలవాటుగా ధర అడిగితే, నేను బుకీని కాదని చెబుతాను. ఈథ్నా దక్షిణాదిన ఎక్కడో పెద్ద పందేల్లో ఎక్కుతోంది. నాలుగైదు గెలిచింది కూడా. ఆ రోజు సంగతి ఎత్తితే ఇప్పటికీ మొహం ముడుచుకుంటుంది. ఆదివారాలు ఫోన్ చేసి, “నన్ను నమ్మలేదు నువ్వు,” అని మొదలుపెడుతుంది. నేను అడ్డురాను. అది తిట్టినంతసేపూ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని వింటాను.